గీతల్లేని బిళ్ళ

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఆ పోత కార్ఖానాలో గేటు దగ్గర కాపలా మనిషి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె అద్దాలమ్మే. మేనేజరు మాత్రం మర్యాదస్తుడు కనుక ఎదురుగా ‘అమ్మా’ అని, ఆమె అటు తిరగ్గానే అద్దాలమ్మ అంటాడు. లోహపు ముక్కను అందులో చూసుకుని తల దువ్వుకునేంత నున్నగా తోమగలదు కాబట్టి వచ్చిన పేరది. పైకి విసుక్కుంటుంది కానీ, ఆ పిలుపు వినబడితే లోపల ఎంత మురిసిపోతుందో ఆమె మొగుడికి తెలుసు, ఇప్పుడు మనకూ తెలిసింది.

ఇరవై ఏళ్ళ కిందట ఆమె ఆ కార్ఖానాలోకి చీపురు పట్టుకుని వచ్చింది. తీసుకొచ్చింది చిన్నాన్న. తండ్రి పోయాక ఆమెను చదివించింది, పెళ్ళి చేసింది, మాట పడనివ్వకుండా కాపాడింది ఆయనే. ఆయనది కొలిమి పని. లోహం కరిగించడం, పాళ్ళు చూడడం, అచ్చుల్లో పోయించడం. ఆమెకు పరీక్షల గదిలో ఊడ్చి, తుడిచి, సామాను కడిగే పని ఇప్పించాడు. అప్పట్లో ఆ గదిలో ఉండే ముసలాయన, ఈ పిల్ల స్టీలు సింకు తోమిన తీరు చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. ఎక్కడా ఒక్క మరక లేదు, గీత లేదు. మర్నాడే చేతికి గరుకు ఎమరీ కాగితం ఇచ్చి, “సింకు తర్వాత చూసుకోవచ్చు, ఇదిగో ఈ బిళ్ళ తోము” అన్నాడట. ఆ ముసలాయన పనిలోంచి దిగిపోయే నాటికి ఆ గది ఆమెదైపోయింది.

ఆ బిళ్ళ సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. కార్ఖానాలో పోసేది అల్యూమినియం. ఒట్టి అల్యూమినియం మెత్తన, పైగా బద్ధకస్తురాలు, అచ్చు మూలల్లోకి సరిగా పారదు. అందుకని వందపాళ్ళలో పన్నెండు పాళ్ళు సిలికాన్ కలుపుతారు. వింత ఏమిటంటే, అల్యూమినియం ఒక్కటే అయితే ఆరొందల అరవై డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సిలికాన్ అయితే పద్నాలుగొందల పైనే. సరిగ్గా ఆ పాళ్ళలో కలిసినప్పుడు మాత్రం రెండూ ఒకదాన్నొకటి చూసుకుని, అయిదొందల డెబ్భై ఏడు దాకా గడ్డకట్టడానికి ససేమిరా అంటాయి. ఆ వేడి దగ్గరికి రాగానే రెండూ ఒక్కసారే గడ్డకడతాయి. నీళ్ళలో చక్కెరలా కలిసిపోయి ఉన్నవి కాస్తా ఆ క్షణంలోనే విడిపోయి, పక్కపక్కనే తలా ఒక చోటు చూసుకుంటాయి.

ఎలా విడిపోయాయన్నదే అసలు సంగతి. వాటి మానాన వాటిని వదిలేస్తే సిలికాన్ పలకలు పలకలుగా పెరుగుతుంది. కోసి మైక్రోస్కోపు కింద చూస్తే ఆ పలకలు నల్లటి సూదుల్లా కనిపిస్తాయి. అలాంటి లోహం మీద దెబ్బ పడితే పగులు ఒక సూది మీంచి ఇంకో సూది మీదికి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది, ముక్క పుటుక్కున విరుగుతుంది. అదే కరిగిన లోహంలో చిటికెడు సోడియం వేస్తే సిలికాన్ తిన్నగా పెరగలేదు. చీలి, మళ్ళీ చీలి, సన్నటి కొమ్మలైపోతుంది. మైక్రోస్కోపులో బూడిదరంగు రవ్వ చల్లినట్టుంటుంది. అప్పుడు పగులుకి దారి దొరకదు, లోహం విరిగేముందు కాస్త వంగుతుంది కూడా. పాళ్ళు అవే, వేడి అదే, తేడా అంతా లోపలి పొందికలోనే ఉంది.

అందుకని ప్రతి కొలిమికీ ఒక పద్ధతి పెట్టారు. చిన్నాన్న సోడియం పొట్లాన్ని లోహం అడుగుదాకా ముంచి, అది కరిగాక గరిటెతో ఒక చిన్న బిళ్ళ పోసి పరీక్షల గదికి పంపిస్తాడు. అద్దాలమ్మ దాన్ని కోసి, గరుకు కాగితం మీద మొదలుపెట్టి నున్నటి కాగితం దాకా అయిదు కాగితాల మీద రుద్ది, మఖ్మలు గుడ్డ మీద మెరుగు పెట్టి, పలచటి ఆమ్లంతో తుడిచి, మైక్రోస్కోపులో చూస్తుంది. రవ్వ కనబడితే ‘సరే’. సూదులు కనబడితే ‘ఆగండి’. ఆమె సరే అంటేనే పోత. పదిహేను నిమిషాల పని.

మూడు నెలల కిందట ఆ గదికి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దానికి కెమెరా ఉంది. చూసింది చూసినట్టు కంప్యూటరు తెర మీద పడుతుంది, మీట నొక్కితే ఫోటో అవుతుంది. మొదటి ఫోటో చూసి మేనేజరు గుడ్లప్పగించాడు. పెద్దది చేయించి ఆఫీసు గదిలో గోడకి తగిలించాడు. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకో నాలుగు. సరుకు కొనేవాళ్ళు వస్తే ముందు ఆ గోడ చూపించి తర్వాతే కుర్చీ చూపించేవాడు. అద్దాలమ్మకి నేల మీద కాలు నిలవలేదు. కానీ కెమెరా పాడుది, కంటికి ఆనని గీతను కూడా తాడంత చేసి చూపిస్తుంది. ఒక్క గీత ఉన్నా ఆమె మళ్ళీ మొదటికొచ్చేది. గుడ్డ మార్చేది, చెయ్యి కడుక్కునేది, ఊపిరి బిగబట్టి మళ్ళీ రుద్దేది. ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చునే మొగుడు, “నా మొహం మీద కూడా గీతలున్నాయి, నన్నూ ఓసారి ఆ గుడ్డ మీద రుద్దరాదూ” అని ఆటపట్టించాడు.

ఆ రోజుల్లోనే కొమ్ములు విరగడం మొదలైంది. చక్రాల కుర్చీకి ముందు రెండు చిన్న చక్రాలుంటాయి చూడండి, వాటిని రెండు వైపులా పట్టుకుని ఉండే ముక్కే కొమ్ము. ఈ కార్ఖానాలో ఎక్కువగా పోసేది అదే. మొదట రెండు విరిగి తిరిగొచ్చాయి, ఆ తర్వాత తొమ్మిది. ఒకచోట గుమ్మం దిగుతూ ఒక పెద్దావిడ కుర్చీతో సహా ముందుకి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కుర్చీలు చేసే కంపెనీవాళ్ళు, ఇంకొక్కటి విరిగితే మీకూ మాకూ చెల్లు అని కబురంపారు.

మేనేజరు విరిగిన కొమ్ముల్ని కోయించి అద్దాలమ్మకే ఇచ్చాడు. ఆమె మైక్రోస్కోపులో చూసింది. సూదులు, గదినిండా ఎండుగడ్డి పరిచినట్టు ఒకటే సూదులు. ఆ కొమ్ములు పోసిన రోజున అదే కొలిమి నుంచి వచ్చిన బిళ్ళ ఫోటో తీసి పక్కన పెట్టింది. అందులో వంక పెట్టడానికి లేని సన్నటి రవ్వ.

మేనేజరు రెండు ఫోటోలూ బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు.

“బిళ్ళ బాగుందమ్మా. ముక్క బాగాలేదు. బిళ్ళకీ ముక్కకీ మధ్య ఉన్నది ఒక్క మనిషే కదా” అన్నాడు.

“అంటే ఏంటండీ మీరనేది?”

“పరీక్ష అయ్యాక కొలిమిలో తుక్కు కలుపుతున్నాడు. పనికిరాని లోహం లోపలికి పోతోంది, మంచి లోహపు దిమ్మెలు బయటికి పోతున్నాయి. మీ చిన్నాన్న అని తెలుసు, నాకూ కష్టంగానే ఉంది. కానీ మీ ఫోటోలే చెబుతున్నాయి, నేను కాదు. సోమవారం నుంచి ఆయన్ని కొలిమి దగ్గరికి రానివ్వను. అచ్చుల ఇసుక జల్లెడ దగ్గర కూర్చోమనండి.”

తల కొట్టేసినట్టయింది ఆమెకు. ముప్ఫై ఏళ్ళు కొలిమి ముందు నిలబడి, కనుబొమలు కాల్చుకుని, రెండేళ్ళలో పెద్దరికంగా పని దిగాల్సిన మనిషి. దొంగ అనిపించుకుని జల్లెడ ముందు కూర్చుంటాడా? అంతకంటే బాధించిన సంగతి ఇంకోటుంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆమె కూడా ఆయన్ని అనుమానించింది. తన ఫోటో అబద్ధం చెప్పదు కదా మరి.

గురువారం మధ్యాహ్నం కొలిమి దగ్గరికి వెళ్ళింది. చిన్నాన్న తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటున్నాడు. ఆయనకి సంగతి అప్పటికే చేరింది. అయినా ఏమీ ఎరగనట్టు, “రా అమ్మడూ, ఇటు నీడలో నిలబడు” అన్నాడు.

“చిన్నాన్నా, ఒకటడుగుతా. కోప్పడవు కదా?”

“తుక్కు కలిపానా అనే కదా? కలపలేదు.”

“అది కాదు. బిళ్ళ నా దగ్గరికి పంపించాక నువ్వేం చేస్తావు?”

“ఏం చేస్తాను? నీ కోసం కూర్చుంటాను.”

“కూర్చుని?”

“పైన తెట్టు కడితే తీస్తాను. వేడి తగ్గకుండా మంట చూస్తాను. మునుపు టీ గ్లాసు చేతిలో ఉండగానే నీ కబురొచ్చేది. ఈ మధ్య టీ తాగి, గ్లాసు కడిగి, పేపరు మొత్తం చదువుతున్నా. పెళ్ళి ప్రకటనలు కూడా వదలట్లేదు. ఈ వయసులో నాకెందుకో అవి!”

ఆమెకు నవ్వు రాలేదు.

“అంతసేపు పడుతుంటే ఒక్కసారి కూడా కబురు పెట్టలేదేం? తలుపు తట్టించొచ్చు కదా?”

“భలేదానివే. పోతవాళ్ళు తట్టొస్తామంటే నేనే వద్దన్నాను. అమ్మడు పని చేసుకుంటోంది, తొందరపెడితే చెయ్యి చెడుతుంది, నోర్మూసుకుని కూర్చోండన్నాను” అన్నాడాయన. చెబుతున్నంతసేపూ ఆ మసిబారిన మొహంలో గర్వం కనబడుతూనే ఉంది.

ఆమె గదికి తిరిగొచ్చింది. కంప్యూటరులో ఫోటోలు తెరిచింది. ప్రతి ఫోటోకీ కింద మూలన, తీసిన సమయం చిన్న అంకెల్లో పడుతుంది. మూడు నెలలుగా ఆ అంకెల వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. సోడియం వేసేది ఎప్పుడూ పది గంటల గంట కొట్టగానే. ఒక ఫోటోలో పది నలభై ఒకటి. ఒకదాంట్లో పది నలభై ఎనిమిది. గోడ మీద ఎక్కిన ఆ గొప్ప ఫోటో పదకొండూ రెండు.

సోడియం నిలకడలేని సరుకు. కరిగిన లోహంలో కాసేపుంటుంది, ఆ తర్వాత పొగై, తెట్టై మెల్లగా జారుకుంటుంది. ఈ మాట చీపురు పట్టిన రోజుల్లోనే ముసలాయన నోట విన్నది. కానీ ఇరవై ఏళ్ళుగా ఆమె చేతిలోకి వచ్చేది గడ్డకట్టిన బిళ్ళే. గడ్డకట్టింది మారదు, గంటసేపైనా ఏడాదైనా అలాగే కూర్చుంటుంది. దాన్ని ఎంత తీరిగ్గా తోమితే అంత బాగుంటుంది. అటు కొలిమిలో ఉన్నది మాత్రం ఆగదు. తన బిళ్ళ అబద్ధం చెప్పలేదు, పదింటి నిజం చెప్పింది. పోత మాత్రం పదకొండింటికి జరిగింది.

అయినా అనుకుంటే సరిపోదు, చూడాలి. మర్నాడు శుక్రవారం కొమ్ముల అచ్చులు లేవు, పాత లోహాన్ని కరిగించి దిమ్మెలు పోసే రోజు. కొలిమి ఇంకా చిన్నాన్న చేతిలోనే ఉంది. “ఎందుకు, ఏమిటని అడక్కు. సోడియం వెయ్యి. వేసిన వెంటనే ఒక బిళ్ళ, తర్వాత పది నిమిషాలకొకటి చొప్పున నాలుగు, మొత్తం అయిదు బిళ్ళలు పొయ్యి” అంది. ఆయన అడగలేదు. మేకుతో ఒక్కో బిళ్ళ వెనకా అంకె గీసి పంపించాడు.

మొదటి బిళ్ళలో సన్నటి రవ్వ. రెండోదీ దాదాపు అంతే. మూడోదాంట్లో అక్కడక్కడా రవ్వ కాస్త ముతకబడి, కొమ్మలు లావెక్కి, ఒకటి రెండు చోట్ల నల్లటి పుల్లలు తొంగిచూస్తున్నాయి. నాలుగోదాంట్లో సగానికి సగం సూదులు. అయిదోది చూడకముందే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా చూసింది. విరిగిన కొమ్ములో ఏముందో సరిగ్గా అదే ఉంది. తుక్కు లేదు, దొంగతనం లేదు. నలభై నిమిషాలున్నాయంతే. ఆ నలభై నిమిషాలూ ఆమెవే.

ఇంటికి వెళ్ళాక మొగుడికి చెప్పింది. ఆయన మిషను ఆపి, మెడలో టేపు తీసి పక్కన పెట్టాడు. అంటే విషయం పెద్దదని అర్థమైందన్నమాట.

“ఈ అయిదు బిళ్ళల సంగతి ఇంకెవరికైనా తెలుసా?”

“నాకే తెలుసు.”

“ఊరికే అడుగుతున్నా, ఏమనుకోకు. చెప్పకుండా రేపట్నించి నువ్వు త్వరగా చేస్తే? విరగడం ఆగిపోతుంది కదా?”

“ఆగిపోతుంది. చిన్నాన్నని తీసేశాక ఆగింది కాబట్టి ఆయనే దొంగని ఖాయమైపోతుంది.”

మొగుడు టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. తర్వాత, “నీ ఉద్యోగం పోతే ఇక్కడ కాజాలు కుట్టే పని ఖాళీగానే ఉంది. కాకపోతే ఒక్కో కాజాకీ నలభై నిమిషాలు తీసుకోకూడదు” అన్నాడు. ఆమె ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఆయన వీపు మీద ఒకటిచ్చుకుంది.

శనివారం పొద్దున్నే చిన్నాన్నని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. అయిదు ఫోటోలు వరసగా బల్ల మీద పెట్టింది.

“తుక్కు ఎవరూ కలపలేదండీ. నేను బిళ్ళ తోముతున్నంతసేపూ కొలిమిలో సోడియం పోతోంది. మునుపు పావుగంటలో చెప్పేదాన్ని. కెమెరా వచ్చినప్పట్నుంచి ముప్పావుగంట, గంట చేస్తున్నాను. ఫోటో బాగా రావాలని. తప్పు నాది. ఆ పెద్దావిడ పడిపోవడం కూడా నావల్లే.”

మేనేజరు ఫోటోల్ని ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. తర్వాత తలెత్తి గోడవైపు చూశాడు. అక్కడ ఆరు ఫోటోలు ఆరు నిలువుటద్దాల్లా మెరుస్తున్నాయి.

“వీటిని గోడెక్కించింది ఎవరండీ?” అన్నాడు నెమ్మదిగా. “గీత లేని ఫోటో కావాలని రోజూ అడిగింది ఎవరు? మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?” కుర్చీలోంచి లేచి చిన్నాన్న దగ్గరికొచ్చాడు. “మిమ్మల్ని అనరాని మాట అన్నాను. ఆ మాట అందరి చెవినా పడింది కాబట్టి, వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే తీసుకుంటాను.”

చిన్నాన్న తలగుడ్డ చేతిలో నలుపుతూ, “నేను కూడా తలుపు తట్టించకుండా కూర్చున్నానండీ. నాక్కూడా తెలియాలి కదా, పొయ్యి మీద ఉన్నది నా లోహం” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గంట దగ్గర అందర్నీ నిలబెట్టి అన్న మాట నిలబెట్టుకున్నాడు. గిడ్డంగిలో ఉన్న కొమ్ములన్నీ కొలిమిలోకి పోయాయి. బయటికి పోయిన కుర్చీలకి కొత్త కొమ్ములు పంపుతామని కంపెనీకి రాశారు. ఆ పెద్దావిడ ఇంటికి మేనేజరే వెళ్ళొచ్చాడు, అద్దాలమ్మ కూడా వెంట వెళ్ళింది. ఆవిడ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, “మీరు చేసిందా ఆ ఇనుప ముక్క? ఈసారి గట్టిగా చెయ్యమ్మా” అంది. అది ఇనుము కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సోమవారం కొత్త పద్ధతి మొదలైంది. మూడు కాగితాలు, గుడ్డ మీద ఒక్క నిమిషం, ఆమ్లం ఒక్క తుడుపు. ఫోటో లేదు, కంటితో చూడ్డమే. మొత్తం ఎనిమిది నిమిషాలు. మొదటి బిళ్ళ మైక్రోస్కోపు కింద పెడితే కళ్ళనిండా అడ్డదిడ్డంగా గీతలు. ఆమెకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. చెయ్యి దానంతటదే గుడ్డ వైపు వెళ్ళింది. బలవంతాన వెనక్కి తీసుకుంది. గీతల్ని పక్కకి పెట్టి గీతల మధ్య ఏముందో చూసింది. రవ్వ ఉంది, సన్నగా, నిండుగా ఉంది. గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, “సరే! పొయ్యండి!” అని అరిచింది. ఆ అరుపుకి ఇసుక జల్లెడ దగ్గరివాళ్ళు కూడా తలలెత్తి చూశారు.

అచ్చులు చల్లారాక మేనేజరు ఒక కొమ్మును తీయించి సుత్తితో కొట్టించాడు. అది వంగింది, ఇంకో దెబ్బకి ఇంకాస్త వంగింది. విరగలేదు. పోతవాళ్ళు ఈలలు వేశారు.

సాయంత్రం పని ముగిశాక చిన్నాన్న పరీక్షల గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మసి చెప్పులతో లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా బిళ్ళలు పంపిస్తున్నాడే గానీ, అవి ఇక్కడ ఎలా కనబడతాయో ఆయన ఒక్కసారీ చూడలేదు. చూపిద్దామని ఆమెకూ తోచలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టి సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. పొద్దుటి బిళ్ళనే మళ్ళీ పెట్టి, “కళ్ళు ఇక్కడ ఆనించు, ఒక కన్ను మూయకు” అంది.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. కొలిమి మంట చూసి చూసి ఎర్రబడ్డ ఆ కళ్ళకి మొదట ఏమీ ఆనలేదు, తర్వాత ఒక్కొక్కటే కనబడసాగింది.

“అబ్బో, ఎంత సన్నగా ఉందే ఇది! పిండి చల్లినట్టుంది” అన్నాడు. “మరి ఈ గీతలేంటి అమ్మడూ, ఇన్ని ఉన్నాయి?”

“గీతలు నావి చిన్నాన్నా” అంది ఆమె. “మిగతాదంతా నువ్వు చేసిందే.”